బెయిలీ పీచ్: టెంక నుంచి అంటు మొక్క దాకా

పీచ్ మొక్క కొనేటప్పుడు పండు రంగు, రుచి, కోతకు వచ్చే నెల అడుగుతాం. వేళ్లు ఏ రకానివని అడిగేవాళ్లు అరుదు. అమెరికాలోని మిడ్‌వెస్ట్, ఈశాన్య రాష్ట్రాల నర్సరీలు రెడ్‌హేవెన్ అని లేబుల్ కట్టి అమ్మే మొక్కలో నేలపైన ఉన్నది మాత్రమే రెడ్‌హేవెన్. కింది వేళ్లు చాలాసార్లు బెయిలీ అనే మరో పీచ్ రకానివి. అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన ఈ రకం పండు చిన్నది, గుజ్జు తెల్లగా ఉంటుంది, టెంక సులువుగా విడివడుతుంది. పెద్ద మార్కెట్లలో ఈ పండు కనిపించదు. దీని టెంకకే గిరాకీ. చలికి తట్టుకునే వేళ్ల కోసం నర్సరీలు ఆ టెంకలను కొని మొలిపిస్తాయి.

నాటు మామిడి టెంకలు మొలిపించి వాటిమీద బంగినపల్లి కట్టడం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కడియం నర్సరీల్లో గులాబీకి కన్ను (మొగ్గ) అతికించే పనివాళ్ల చేతివాటం గుర్తున్నవాళ్లకు సగం పని వచ్చినట్టే. తేడా అంతా చలిలోనే ఉంది. ఇక్కడ టెంకను నిద్ర లేపేది చలి, చెట్టును చంపేదీ చలే. డిమోయిన్, ఒమాహా, షికాగో చుట్టుపక్కల పెరడు ఉండి, రెండు మూడేళ్లు ఓపిక పట్టగల తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను.

వేరుమూలం నుంచి ఏం ఆశించాలి

ముందుగా ఒక అపోహ తీర్చాలి. చలికి తట్టుకునే వేరుమూలం (వేళ్ల కోసం అడుగున పెంచే మొక్క) మీద కడితే పైరకం (దానిమీద అంటు కట్టే పండ్ల రకం) పూమొగ్గలు కూడా చలికి తట్టుకుంటాయని చాలామంది నమ్ముతారు. మొగ్గల ఓర్పు ప్రధానంగా పైరకం స్వభావం. వేరుమూలం ప్రభావం ఉన్నా అది స్వల్పం. నడిశీతాకాలంలో మామూలు పీచ్ రకాల పూమొగ్గలు సుమారు మైనస్ 23 నుంచి మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ మధ్య పెద్ద ఎత్తున చనిపోతాయి. కింద బెయిలీ వేళ్లు ఉన్నంత మాత్రాన ఆ హద్దు మైనస్ 35కు జారదు.

వేళ్లు మాత్రం వేరే సంగతి. ఏ పీచ్ చెట్టుకైనా కాండం కంటే వేళ్లే సుకుమారం. నేల, నేలమీద మంచు దుప్పటి వాటిని కాపాడుతాయి. మంచు కురవని పొడి శీతాకాలంలో నేల లోతుగా గడ్డకట్టినప్పుడు సుకుమారమైన వేళ్లు చచ్చి, వసంతంలో చెట్టు చిగురించినట్టే చిగురించి, జూన్‌లో హఠాత్తుగా వాడిపోతుంది. బెయిలీ పనికొచ్చేది ఇలాంటి చోటే. టెంకలు బాగా మొలుస్తాయి, మొలకలు దాదాపు ఒకే తీరున పెరుగుతాయి, కట్టిన రకంతో చక్కగా అతుకుతాయి. చెట్టు కొంచెం చిన్నదవుతుంది కానీ దీన్ని పొట్టి రకం అని చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి.

దీనికి పోటీ రకాలు చాలా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 19వ శతాబ్దం చివర దొరికిన లోవెల్, అక్కడిదే అయిన హాల్‌ఫోర్డ్ డబ్బా పండ్ల పరిశ్రమ నుంచి వచ్చిన రకాలు. ఆ కర్మాగారాల్లో మిగిలిపోయే టెంకలు చవకగా దొరకడమే వాటి ప్రాచుర్యానికి ఒక కారణం. ఇవి రెండూ మంచివే. అయోవా దక్షిణ భాగంలో లోవెల్ మీద కట్టిన చెట్టు దొరికితే వదులుకోనక్కర్లేదు. 1959లో విడుదలైన నెమాగార్డ్‌ను వేరుబుడిపె నులిపురుగులు ఉన్న ఇసుక నేలల కోసం తెచ్చారు. అది వెచ్చని ప్రాంతాల సరుకు, అమెరికా ఉత్తరాదికి పనికిరాదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం హారో పరిశోధన కేంద్రం ఇచ్చిన సైబీరియన్ సి వేళ్లు గట్టి చలికి ఓర్చుకుంటాయి. కానీ జనవరిలో నాలుగు రోజులు వెచ్చబడి మళ్లీ చలి విరుచుకుపడే చోట దానిమీద కట్టిన చెట్టు తొందరపడి మేలుకుంటుంది. మిడ్‌వెస్ట్ శీతాకాలం నడక సరిగ్గా అదే కాబట్టి నేను బెయిలీ వైపే మొగ్గుతాను. బెయిలీకీ లోపముంది. వేరుబుడిపె నులిపురుగులకు ఇది లొంగిపోతుంది, కాబట్టి జార్జియా, కరొలినా ఇసుక నేలల్లో ఉన్నవాళ్లకు ఇది తగదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెంచవచ్చా అని అడిగేవాళ్లకు ఒక్క మాట: వద్దు. మామూలు పీచ్ రకాలకు శీతాకాలంలో 7 డిగ్రీలకు దిగువన కొన్ని వందల గంటల చలి పడాలి. రెడ్‌హేవెన్‌కు ఆ లెక్క 800 గంటలు దాటుతుంది. అంత చలి మన మైదానాల్లో లేదు. మన దేశంలో ఇలాంటి పీచ్‌లకు చోటు హిమాచల్‌లోని రాజ్‌గఢ్ వంటి కొండ ప్రాంతాలే. అక్కడి నర్సరీలు అడవి పీచ్ టెంకలను మొలిపించి ఇదే పని చేస్తాయి.

టెంకలు సంపాదించడం

వేసవి చివర పండిన పండ్ల నుంచే టెంకలు తీసుకోవాలి. త్వరగా పండే రకాల్లో గుజ్జు పక్వానికి వచ్చేసరికి లోపలి పిండం ఇంకా పూర్తిగా ఎదగదు, అందుకే ఆ గింజలు సరిగా మొలవవు. కిరాణా దుకాణం పండు తిని టెంక నాటేవాళ్లకు ఎదురయ్యే నిరాశకు ఇది ఒక ముఖ్య కారణం.

బెయిలీ టెంకలను అమ్మే విత్తన వ్యాపారులు, నర్సరీలు ఉన్నాయి. కొనేముందు తల్లిచెట్లకు వైరస్ పరీక్షలు జరిగాయా అని తప్పక అడగండి. పీచ్ జాతిని పీడించే కొన్ని వైరస్‌లు, ముఖ్యంగా ప్రూనస్ నెక్రోటిక్ రింగ్‌స్పాట్, ప్రూన్ డ్వార్ఫ్ అనేవి, గింజ ద్వారా కూడా సంక్రమిస్తాయి. తెలిసినవాళ్ల పెరట్లో అంటు కట్టని బెయిలీ చెట్టు ఉంటే అది ఆకు మచ్చలు లేకుండా, ఏటా నిండుగా కాస్తోందో లేదో చూసి తీసుకోండి. పీచ్ పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అందువల్ల దాని పిల్ల మొక్కలు తల్లిని చాలావరకు పోలి ఉంటాయి. ఆపిల్‌లో ఇది కుదరదు.

గుజ్జు పూర్తిగా కడిగి, టెంకలను నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. పది చెట్లు కావాలంటే పాతిక టెంకలు పెట్టుకోవడం మంచిది. కొన్ని మొలవవు, మొలిచిన వాటిలో కొన్ని వంకరగా వస్తాయి, రెండు మూడు ఉడుతల పాలవుతాయి.

లోపలి గింజలో అమిగ్డాలిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలితే అది సైనైడ్‌ను విడుదల చేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలు, కుక్క ఉంటే పగలగొట్టిన గింజలను బల్లమీద వదిలి వెళ్లకండి.

చలి నిద్ర

తడి, చలి రెండూ కలిసి మూడు నాలుగు నెలలు తగిలితే తప్ప పీచ్ గింజ మొలవదు. దీనికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది ప్రకృతికి వదిలేయడం. అక్టోబరు చివర లేదా నవంబరు మొదట్లో, నేల గడ్డకట్టక ముందే, టెంకలను రెండంగుళాల లోతున నేరుగా మడిలో నాటండి. పైన అరంగుళం కన్నాల ఇనుప వల పరిచి అంచులను మట్టిలోకి దిగగొట్టండి. వల లేకపోతే ఉడుతలు ఒక్కటీ మిగల్చవు. వసంతంలో మొలకలు వలను తాకేలోపు దాన్ని తీసేయాలి. స్థలం ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. పని తక్కువ, వేరు తిన్నగా దిగుతుంది.

రెండోది ఫ్రిజ్. టెంకలను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, తడిపి పిండిన పీట్ లేదా ఇసుకలో కలిపి, జిప్ సంచిలో వేసి, 2 నుంచి 5 డిగ్రీల మధ్య 90 నుంచి 120 రోజులు ఉంచాలి. గుప్పిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడి చాలు. రెండు వారాలకోసారి తెరిచి చూడండి. బూజు పట్టినవి తీసేసి, మిగతావి కడిగి, కొత్త పీట్‌లో పెట్టండి. సంచిని ఫ్రీజర్ గోడకు ఆనించకండి.

టెంకను పగలగొట్టి గింజ ఒక్కటే పెడితే తొందరగా మొలుస్తుంది. బెంచి పట్టులో (వైస్‌లో) టెంక అతుకులను దవడలకు ఆనించి, మెల్లగా బిగిస్తే గింజ నలగకుండా టెంక రెండు చెక్కలవుతుంది. సుత్తితో కొట్టేవాళ్లు సగం గింజలను పోగొట్టుకుంటారు. గోధుమరంగు పొర మీద గీత పడినా బూజు అక్కడి నుంచే మొదలవుతుంది.

చలి రోజులను తగ్గించాలనే తొందర అందరికీ ఉంటుంది. ఆరు వారాలకే తెల్లని వేరు తొంగి చూసిందని తీసి నాటితే మొక్క లేస్తుంది, కానీ కణుపుల మధ్య దూరం లేకుండా, ఆకులన్నీ ఒక గుత్తిగా ముడుచుకుని, గిడసబారి నిలిచిపోవచ్చు. ఎరువు వేసినా అది కదలదు. చలి సరిపోకపోవడం వల్ల వచ్చే పొట్టితనం ఇది. మూడు నెలలు నిండనివ్వండి. ముందే వేరు వచ్చిన గింజలు ఫ్రిజ్‌లోనే నెమ్మదిగా ఎదుగుతూ ఉంటాయి, వాటికేమీ కాదు.

మొలక నుంచి పెన్సిల్ మందం దాకా

ఫ్రిజ్ గింజలను ఏప్రిల్‌లో లోతైన కుండీల్లో, వేరు కిందికి ఉండేలా, అంగుళం లోతున నాటండి. మంచు భయం తీరాక, అంటే అయోవా మధ్యభాగంలో మే మొదటి పక్షం తర్వాత, మడికి మార్చండి. కుండీలో చుట్టుకుపోయిన తల్లివేరు జన్మంతా అలాగే ఉండిపోతుంది కాబట్టి నాటేటప్పుడే విప్పి సరిచేయండి, కుదరకపోతే కొసను కత్తిరించండి.

మడిలో మొక్కకూ మొక్కకూ మధ్య కనీసం ఎనిమిదంగుళాలు, వరుసల మధ్య మోకాలు వంచి కూర్చుని కత్తి ఆడించేంత ఖాళీ ఉండాలి. ఈ రెండో కొలతను చాలామంది పట్టించుకోరు, ఆగస్టులో నడుం నొప్పితో గుర్తు చేసుకుంటారు. నత్రజని ఎరువు జూన్‌లో రెండుసార్లు కొద్దికొద్దిగా వేస్తే చాలు, వారానికి ఒక అంగుళం నీరు అందాలి, కలుపును మొలకల దగ్గరికి రానివ్వకూడదు.

మొక్క అడుగున్నర ఎత్తుకు చేరినప్పుడు, నేల నుంచి ఆరంగుళాల వరకు ఉన్న ఆకులను, పక్క చిగుళ్లను వేలితో గిల్లేయండి. కన్ను అతికించే చోటు అదే, అక్కడ కాండం నున్నగా ఉండాలి. లేతగా ఉన్నప్పుడు గిల్లితే మచ్చ కూడా మిగలదు. ముదిరాక కోస్తే గాయం నుంచి బంక కారుతుంది.

ఆగస్టు వచ్చేసరికి కాండం పెన్సిల్ మందానికి రావాలి. రాని వాటిని వచ్చే ఏడాదికి వదిలేయండి. సన్నకాండం మీద కట్టిన కన్ను బతికినా వెనకబడిపోతుంది.

ఏ రకం కట్టాలి

వేరుమూలం ఎంత గట్టిదైనా మొగ్గల ఓర్పు పైరకానిదేనని ముందే చెప్పాను. అందుకని పైరకాన్ని కూడా చలి చూసే ఎంచుకోవాలి. 1964లో న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన రిలయన్స్‌కు ఓర్పులో పేరుంది. రుచి మాత్రం ఓ మోస్తరు, ఈ విషయంలో క్యాటలాగుల పొగడ్తలు నమ్మదగ్గవి కావు. నార్త్ కరొలినా నుంచి వచ్చిన కంటెండర్ ఆలస్యంగా పూస్తుంది. వసంతపు మంచును తప్పించుకోవడానికి ఆ ఆలస్యమే ఆయుధం. నిండుగా పూసిన పువ్వులు మైనస్ 2.8 డిగ్రీల దగ్గర పదింట ఒకటి, మైనస్ 4.4 దగ్గర పదింట తొమ్మిది చనిపోతాయి. ఒకటిన్నర డిగ్రీలో పంట మొత్తం తేలిపోతుందన్నమాట. మిషిగన్‌లో స్టాన్లీ జాన్‌స్టన్ 1940లో ఇచ్చిన రెడ్‌హేవెన్ రుచిలో ఇప్పటికీ తీసిపోదు, అయోవా దక్షిణ భాగంలో ప్రయత్నించదగ్గది. నన్ను ఒక్కటే చెప్పమంటే కంటెండర్ అంటాను.

నెక్టరిన్ కూడా పీచే కాబట్టి బెయిలీ మీద హాయిగా అతుకుతుంది. జపాన్ రకపు ప్లమ్‌లు సాధారణంగా పీచ్ వేళ్లమీద నడుస్తాయి. యూరప్ రకపు ప్లమ్‌లు, ఆప్రికాట్లు రకాన్ని బట్టి ఒకసారి అతుకుతాయి, ఒకసారి మొండికేస్తాయి. చెర్రీ జోలికి పోకండి.

అమెరికాలో మొక్కల పేటెంటు కాలం 20 ఏళ్లు. ఆ గడువు తీరని కొత్త రకాలను ఇంట్లో కట్టుకోవడం కూడా చట్టవిరుద్ధమే. పైన చెప్పిన పాత రకాలకు ఆ ఇబ్బంది లేదు. కొమ్మ ఎక్కడి నుంచి తెస్తున్నారో కూడా చూసుకోండి. ప్లమ్ పాక్స్ అనే వైరస్ 1999లో పెన్సిల్వేనియాలో బయటపడితే అక్కడి తోటలు కొట్టేసి, దాన్ని తుడిచిపెట్టడానికి పదేళ్లు పట్టింది. ఆ వైరస్ అంటు కొమ్మల ద్వారా ప్రయాణిస్తుంది. విమానం సామానులో కొమ్మలు దాచుకుని రావాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

కన్ను అతికించడం

మిడ్‌వెస్ట్‌లో దీనికి అనువైన సమయం ఆగస్టు మొదటి వారం నుంచి నెలాఖరు దాకా. అప్పుడు బెరడు కాండం నుంచి తేలిగ్గా లేస్తుంది, పైరకం కన్నులు ముదిరి ఉంటాయి, మళ్లీ చిగురించకుండా శీతాకాలంలోకి నిద్రపోతాయి. వర్షాలు లేకపోతే నాలుగు రోజుల ముందు నుంచి వేరుమూలాలకు బాగా నీళ్లు పెట్టండి. ఎండిన మొక్క బెరడు లేవదు.

ఉదయం పూట, ఈ ఏడాదే పెరిగిన, పెన్సిల్ మందం ఉన్న కొమ్మను ఎండ తగిలే వైపు నుంచి కోయండి. వెంటనే ఆకులు కత్తిరించి తొడిమలను మాత్రం అరంగుళం మిగల్చండి. అవి పిడిలా ఉపయోగపడతాయి, తర్వాత ఫలితాన్ని కూడా అవే చెబుతాయి. తడి గుడ్డలో చుట్టి చల్లని పెట్టెలో ఉంచి అదే రోజు వాడేయండి. ఒకవేళ ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే ఆపిల్ పండ్ల పక్కన పెట్టకండి. పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు కన్నులను చంపుతుంది.

కొత్తవాళ్లు బోల్తా పడేది కన్నును ఎంచుకోవడంలో. పీచ్ కణుపు దగ్గర తరచుగా మూడు మొగ్గలు ఉంటాయి: అటూ ఇటూ బొద్దుగా, నూగుతో ఉన్నవి పూమొగ్గలు, నడుమ సన్నగా, సూదిగా ఉన్నది ఆకుమొగ్గ. మనకు కావాల్సింది ఆ నడిమిది. బొద్దుగా ఉన్న ఒంటి మొగ్గను బలమైనదనుకుని ఎంచుకుంటే వసంతంలో ఒక పువ్వు పూసి రాలిపోతుంది, అక్కడితో కథ ముగుస్తుంది. కొమ్మ కొసన ఉన్నవి లేత, మొదట్లో ఉన్నవి తరచుగా గుడ్డివి. నడిమి భాగం నుంచి తీసుకోండి.

కత్తిని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, నేల నుంచి నాలుగు నుంచి ఆరంగుళాల ఎత్తున, ఉత్తరం వైపు, బెరడు మందం మేరకే టి ఆకారంలో కోయండి: అడ్డంగా అర అంగుళం కంటే తక్కువ, నిలువుగా అంగుళం పైచిలుకు. ఉత్తరం వైపు ఎందుకంటే మధ్యాహ్నపు ఎండ నేరుగా పడదు. కత్తి వెనక మొనతో బెరడు రెక్కలను కొద్దిగా విప్పండి.

ఇప్పుడు పైరకం కొమ్మమీద, కన్నుకు అర అంగుళం కింద కత్తి పెట్టి, ఒకే ఊపులో కన్ను కిందుగా పైకి లాగండి. ఆపి ఆపి కోస్తే మెట్లు పడతాయి, మెట్లున్న ముక్క కాండానికి హత్తుకోదు. డాలు ఆకారంలో అంగుళం ముక్క చేతికొస్తుంది. దాని వెనక చాలా పల్చటి చెక్క పొర ఉన్నా ఫరవాలేదు. కోసిన ముఖాన్ని వేలితో తాకకండి, నోట్లో పెట్టుకోకండి. తొడిమ పట్టుకుని టి లోకి పైనుంచి కిందికి జార్చండి. పైన మిగిలిన తోకను అడ్డగీత దగ్గర సమంగా కోసేయండి. కన్ను కొస పైకి చూస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. తలకిందులుగా అతికించడం వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ సాయంత్రానికి అలసిన చేతులకు అసాధ్యమేమీ కాదు.

రబ్బరు పట్టీతో కింది నుంచి పైకి గట్టిగా చుట్టండి, కన్ను, తొడిమ మాత్రం బయటికి ఉండాలి. కోత మొదలుపెట్టిన దగ్గర నుంచి చుట్టడం పూర్తయ్యే వరకు ఒక నిమిషం దాటకూడదు. పీచ్ గాయం నుంచి బంక త్వరగా ఊరుతుంది, బంక చేరిన చోట అతుకు పడదు. వేగం రావాలంటే ముందు రోజు విల్లో లేదా మల్బరీ రెమ్మలమీద సాధన చేయండి.

ఒక్కో మొక్కకు ఎదురెదురుగా రెండు కన్నులు కడితే ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. బెరడు లేవకపోతే టి పద్ధతిని బలవంతంగా చేయకండి. కాండం నుంచి చిన్న చెక్కు తీసి, అదే కొలత చెక్కును కన్నుతో సహా అక్కడ కూర్చోబెట్టే చిప్ పద్ధతికి బెరడు లేవాల్సిన అవసరం లేదు.

రెండు మూడు వారాలకు తొడిమను వేలితో తాకండి. పసుపు పచ్చగా మారి ముట్టుకోగానే రాలిపోతే కన్ను పట్టింది. నల్లబడి, ముడుచుకుని, గట్టిగా అతుక్కునే ఉంటే పోయింది. అప్పటికి ఇంకా బెరడు లేస్తుంటే రెండోవైపు మళ్లీ కట్టవచ్చు. పట్టిన కన్ను ఈ ఏడాది చిగురించకూడదు, అది చిగురించాలని మొక్క తల కొట్టేయకండి. లేత చిగురుతో శీతాకాలంలోకి వెళ్తే బతకదు.

అన్నిటికీ కట్టకండి. ఒక్క మొలకనైనా బెయిలీగానే వదిలేయండి. ఎందుకో చివర చెబుతాను.

రెండో వసంతం

మార్చి చివర, మొగ్గలు ఉబ్బడం మొదలైనప్పుడు, పట్టిన కన్నుకు అర అంగుళం పైన వేరుమూలాన్ని కోసేయండి. కోత కన్ను నుంచి అవతలికి వాలి ఉండాలి. రబ్బరు పట్టీ మిగిలి ఉంటే వెనక వైపు నుంచి కోసి తీసేయండి.

ఆ తర్వాతి రెండు నెలలు నిఘా పెట్టాల్సిన రోజులు. తల పోయిన బెయిలీ తన సొంత చిగుళ్లను కిందనుంచి గుంపుగా తోస్తుంది. వారానికోసారి వాటిని గిల్లేయకపోతే అతికించిన కన్ను ఆకలితో మాడిపోతుంది. కన్ను నుంచి వచ్చిన రెమ్మకు ఒక కర్ర పాతి వదులుగా కట్టండి. మొదటి వేసవిలో ఆ అతుకు గాలికి విరిగిపోయేంత బలహీనం. శరదృతువుకు అది మూడు నాలుగు అడుగుల మొక్కవుతుంది, మరుసటి వసంతంలో నిద్ర వీడక ముందే తవ్వి అసలు చోటికి మార్చుకోవచ్చు.

చోటు, నాటడం

పీచ్ వేళ్లు నీటి ముంపును ఏమాత్రం సహించవు. ఈ విషయంలో బెయిలీకి ప్రత్యేక గుణమేమీ లేదు. అడుగున్నర గొయ్యి తీసి నీళ్లతో నింపండి. మర్నాటికీ నీరు నిలిచి ఉంటే ఆ చోటు వదిలేయండి, లేదా అడుగు ఎత్తు, ఐదారడుగుల వెడల్పు మట్టి దిబ్బ పోసి దానిమీద నాటండి. కొత్త కాలనీల్లో ఇల్లు కట్టేటప్పుడు యంత్రాలు తొక్కి గట్టిపరిచిన బంకమట్టికి దిబ్బ ఒక్కటే దారి. నేల ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.8 మధ్య ఉంటే మేలు. అంతకుముందు పీచ్, చెర్రీ చెట్లు చచ్చిన చోట మళ్లీ నాటకండి.

చల్లగాలి నీళ్లలా పల్లానికి పారి చేరుతుంది కాబట్టి పెరట్లో దిగువ మూల వద్దు. ఇంటి దక్షిణపు గోడ పక్కన వెచ్చగా ఉంటుందని అక్కడ నాటేవాళ్లున్నారు. ఆ వెచ్చదనానికే చెట్టు ముందుగా పూసి ఏప్రిల్ మంచుకు దొరికిపోతుంది. ఎనిమిది గంటల ఎండ దొరికితే కొద్దిగా ఉత్తరానికి వాలిన నేలే నయం.

అతుకు నేలకు రెండంగుళాలు పైన ఉండేలా నాటండి. అతుకు మట్టిలో కలిస్తే పైరకం తన సొంత వేళ్లు వేసుకుంటుంది, ఇంత శ్రమపడి పెంచిన బెయిలీ వేళ్లకు అర్థం లేకుండా పోతుంది. చెట్ల మధ్య 16 నుంచి 20 అడుగులు వదలండి. నాటగానే రెండు రెండున్నర అడుగుల ఎత్తున తల కోసి, వేసవిలో నాలుగు దిక్కులకూ వెళ్లే మూడు నాలుగు కొమ్మలను ఎంచుకుని, నడుమ ఖాళీగా గిన్నెలా తెరిచి పెంచండి.

శీతాకాలం, కత్తిరింపులు

జూలై మొదలయ్యాక నత్రజని వేయకండి. ఆలస్యంగా పెరిగిన రెమ్మ ముదరకుండానే చలికి చిక్కుతుంది. నవంబరులో కాండం చుట్టూ పావంగుళం కన్నాల ఇనుప వలను రెండడుగుల ఎత్తున గుండ్రంగా నిలిపి, అడుగును మట్టిలోకి దించండి. మంచు కింద ఎలుకలు, మంచుమీద కుందేళ్లు బెరడును చుట్టూ కొరికేస్తాయి. అదే నెలలో తెల్ల లేటెక్స్ గోడ రంగును సగానికి సగం నీళ్లు కలిపి కాండానికి, కొమ్మల మొదళ్లకు పూయండి. జనవరి మధ్యాహ్నం నైరుతి ఎండకు వేడెక్కిన బెరడు సూర్యాస్తమయం కాగానే గడ్డకట్టి చీలిపోతుంది. ఆ వేడిని తెలుపు తగ్గిస్తుంది. నేల గట్టిపడ్డాక నాలుగంగుళాల మందాన గడ్డి గానీ చెక్క పొట్టు గానీ పరవండి, కాండాన్ని తాకకుండా. మంచు పడని ఏడాది వేళ్లకు అదే దుప్పటి.

ఆపిల్‌కు ఫిబ్రవరిలో కత్తిరింపులు మొదలుపెట్టే అలవాటును పీచ్‌కు తేకండి. కోసిన చెట్టు చలికి ఓర్చుకునే శక్తి తగ్గుతుంది, చల్లని తడి రోజుల్లో గాయాల నుంచి సైటోస్పోరా పుండు అనే బూజు తెగులు ప్రవేశిస్తుంది. పువ్వు రంగు కనిపించేదాకా ఆగితే ఏ కొమ్మ బతికిందో కూడా కంటికి తెలుస్తుంది. కాపు నిరుడు పెరిగిన రెమ్మలమీదే వస్తుంది కాబట్టి ఏటా గట్టిగా కోయాల్సిందే. కాయ బొటనవేలంత కాకముందే ఆరేడంగుళాలకు ఒకటి చొప్పున ఉంచి మిగతావి తుంచేయండి.

తెగుళ్లలో ఆకుముడత ఒక్కదానికి ముందుచూపు కావాలి. ఆకులు ఎర్రగా ఉబ్బి ముడుచుకున్నాక మందు కొట్టినా ప్రయోజనం లేదు. ఆకులు రాలిన తర్వాత గానీ, మొగ్గ ఉబ్బక ముందు గానీ ఒకసారి రాగి మందు కొట్టాలి. పీచ్ కాండం తొలిచే పురుగు వేసవిలో కాండం అడుగున గుడ్లు పెడుతుంది. నేల మట్టంలో రంపపు పొట్టులాంటిది కలిసిన బంక కనిపిస్తే అదే. సన్నని తీగను రంధ్రంలోకి దూర్చి పురుగును పొడవండి. బెయిలీ వేళ్లకు దీన్నుంచి రక్షణ లేదు. గోధుమ కుళ్లు పట్టి చెట్టుమీదే ఎండిపోయిన కాయలను శీతాకాలానికి ముందే ఏరి చెత్తలో వేయండి.

వదిలేసిన ఆ ఒక్క మొక్క

అంటు కట్టని బెయిలీ మూడు నాలుగేళ్లకు కాస్తుంది. పండు చిన్నదే అయినా తీపిగా ఉంటుంది, జామ్‌కు బాగా పనికొస్తుంది. ఇలాంటి చెట్టుకు చలి వల్ల కాండం చచ్చినా వేళ్లు బతికి ఉంటే కింద నుంచి లేచే పిలక కూడా బెయిలీయే, మళ్లీ అదే పండు. అంటు చెట్టుకు ఆ వెసులుబాటు లేదు. అన్నిటికంటే ముఖ్యం, వచ్చే ఏడాది టెంకలు మీ పెరట్లోనే దొరుకుతాయి. పీచ్ దీర్ఘాయువు కాదు. మిడ్‌వెస్ట్‌లో ఒక చెట్టు పది పదిహేనేళ్లు నిలిస్తే బాగా నిలిచినట్టు. కాబట్టి కొత్త మొక్కలు వరుసలో సిద్ధంగా ఉండటం అవసరం. పూత సమయంలో చెట్టు చుట్టుపక్కల వేరే పీచ్‌లు ఎన్ని ఉన్నా కంగారుపడకండి, గింజలు ఎక్కువగా తల్లి పోలికతోనే వస్తాయి. తేడాగా కనిపించిన మొలకను వేరుమూలం వరుస నుంచి తీసేస్తే చాలు.

అంటు కట్టిన చెట్టు విషయంలో కూడా తొందరపడి గొడ్డలి తీయకండి. గట్టి శీతాకాలం తర్వాత జూన్ దాకా పైభాగం చిగురించకపోతే అతుకు కింద చూడండి. అక్కడి నుంచి చిగుళ్లు లేస్తుంటే పోయింది పైరకం మాత్రమే, వేళ్లు బతికే ఉన్నాయి. వాటిలో తిన్నగా ఉన్న ఒక్క చిగురును ఉంచి మిగతావి గిల్లేయండి. చచ్చిన కాండాన్ని దానికి కొంచెం పైన కోసేయండి. ఉన్న వేళ్ల బలమంతా ఆ ఒక్క రెమ్మకే అందుతుంది కాబట్టి ఆగస్టు నాటికి అది పెన్సిల్ మందం దాటుతుంది. దానిమీద మళ్లీ కన్ను అతికించవచ్చు. అప్పటికి కంటెండర్ కొమ్మ కోసం ఎవరిని అడగాలో జూలైలోనే మాట్లాడి పెట్టుకోండి.